మొదటి జీతం వచ్చేదాకా 43 రోజులు: ఒంటరి తల్లి మళ్లీ ఉద్యోగంలో చేరిన ఒక కేసు

చేరిన 11వ రోజు సాయంత్రం ఫోన్ చేసింది. "మేడమ్, రేపు మానేస్తానండి. మీకు చెప్పకుండా మానేస్తే బాగుండదని చేశాను" అంది. నాలుగు నెలలు తిరిగి, ఆరు ఇంటర్వ్యూలకు వెళ్లి తెచ్చుకున్న ఉద్యోగం అది. నేనేమో అంతకు ముందు వారమే ఆమె ఫైలు మీద 'ఉద్యోగంలో చేరారు' అని రాసి, తేదీ వేసి, బీరువాలో పెట్టేశాను.

పిల్లల్ని ఒంటరిగా పెంచుకుంటూ కొన్నేళ్లు ఇంట్లో ఉండిపోయినవాళ్లు మళ్లీ పనిలోకి వెళ్లడానికి సాయం చేయడం నా ఉద్యోగం. పదకొండేళ్లుగా ఇదే చేస్తున్నాను. ఈ కేసు రాయాలనిపించడానికి కారణం ఇందులో నేను చేసిన తప్పు. ఈ పనిలో ఉన్న చాలామంది అదే తప్పు చేస్తారని కూడా నా అనుమానం. ఆమెను ఎవరూ గుర్తుపట్టకూడదు కాబట్టి ఊరు, కంపెనీ, పథకం పేర్లు రాయడం లేదు, కొన్ని వివరాలు మార్చాను. డబ్బు సంగతి కూడా అంతే. ఆమెకు నెలకు చేతికి అందే జీతం 100 అనుకోండి, మిగతావన్నీ ఆ 100తో పోల్చి చెప్తాను. మీ దగ్గర అలాంటి కేసు ఉంటే లెక్క మార్చుకోవడం తేలికవుతుంది.

ఆమెకు 34 ఏళ్లు. పెద్దవాడికి ఏడు, చిన్నదానికి రెండున్నర. అంతకు ముందు ఒక కంపెనీలో అకౌంట్స్ చూసేది, పెద్దవాడికి రెండేళ్లున్నప్పుడు మానేసింది. చిన్నది ఆరు నెలల పిల్లగా ఉన్నప్పుడు భర్త విడిపోయాడు. పిల్లల ఖర్చుకు నెలకు 12 ఇవ్వాలని కోర్టు చెప్పింది. అది ఒక నెల వస్తుంది, రెండు నెలలు రాదు, అడిగితే గొడవ. ఇల్లు నడిచేది ప్రభుత్వం ఇచ్చే సాయంతో, అది నెలకు 58. బ్యాంకులో దాచుకున్నది 35.

మొదటి మూడు నెలలు నేను చేసినవన్నీ మామూలు పనులే. రెజ్యూమెలో ఐదేళ్ల ఖాళీని దాచకుండా 'పిల్లల పెంపకం కోసం విరామం' అని ఒక్క లైనులో రాయించాను (దాచడానికి ప్రయత్నిస్తే ఇంటర్వ్యూ మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది). కొత్త అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి ఉచిత కోర్సులో చేర్పించాను. రెండుసార్లు ఇంటర్వ్యూ ప్రాక్టీస్ చేయించాను. వీటి గురించి ఇంతకంటే రాయడానికేం లేదు, ఆమె తెలివైనది, అవి లేకపోయినా గట్టెక్కేదేమో.

లెక్క దగ్గరికి వద్దాం. ఆఫర్ లెటర్ రాగానే ఇద్దరం కూర్చుని కాగితం మీద వేశాం. ఉద్యోగం వచ్చింది కదా అని ప్రభుత్వం సాయం ఒక్కసారిగా ఆపేయదు. మొదటి 20 దాకా వదిలేసి, ఆపైన సంపాదించినదాంట్లో సగం చొప్పున సాయంలోంచి కోస్తుంది. జీతం 100 అయితే 80 మీద సగం, అంటే 40 కోత, 58 కాస్తా 18 అవుతుంది. ఇలాంటి కోత చాలా దేశాల్లో ఉంది. బ్రిటన్‌లో యూనివర్సల్ క్రెడిట్ అనే ప్రభుత్వ సాయంలో దీన్ని 2021 చివర్లో 63 శాతం నుంచి 55 శాతానికి తగ్గించారు, తగ్గించాక కూడా సగానికి పైనే. సరే, జీతం 100, సాయం 18, మొత్తం 118. చిన్నదానికి డే కేర్ 32, పెద్దవాణ్ణి బడి అయ్యాక ఉంచే చోటుకు 10, కలిపి 42. ఇందులో 60 శాతం, అంటే 25 దాకా, ప్రభుత్వం తిరిగి ఇస్తుంది. ఆమె మీద పడేది 17. రాకపోకలకు 9, బట్టలు, బయటి తిండి, ఫోన్ అన్నీ కలిపి 4. తీసేస్తే 88 మిగులుతుంది. ఇంట్లో ఉంటే 58, పనికి వెళ్తే 88. నెలకు 30 లాభం. "చూశారా, వేడినీళ్లకు చన్నీళ్లు తోడు" అన్నాను. భర్త పంపే 12 ఈ లెక్కలో వేయలేదు. వస్తుందో రాదో తెలియని డబ్బును ఆదాయంలో రాయకూడదన్నది నేను చాలా దెబ్బలు తిన్నాక పెట్టుకున్న నియమం.

ఆ 30 నిజమే. కూడికలో, తీసివేతలో ఎక్కడా తప్పు లేదు. కాకపోతే అది మూడో నెల లెక్క. మొదటి నెల లెక్క నేను వేయనేలేదు.

ఆమె చేరింది 18వ తేదీన. ఆ కంపెనీలో నెల జీతాల లెక్క 15నే మూసేస్తారు. ఆ తర్వాత చేరినవాళ్లకు మొదటి జీతం వచ్చే నెలాఖరుకే, ఈ నెల రోజులవి కూడా అప్పుడే కలిపి ఇస్తారు. అంటే 43 రోజులు. ఆఫర్ లెటర్లో ఇది ఒక మూల రాసే ఉంది, నేను చదివాను కూడా, చదివి ముందుకు వెళ్లిపోయాను. డే కేర్ వాళ్లు ఒక నెల ఫీజు డిపాజిట్‌గా, మరో నెల ఫీజు అడ్వాన్స్‌గా తీసుకున్నారు, అవి 64. పెద్దవాడికి 10, నెల పాస్ 9, ఆఫీసుకు వేసుకోదగ్గ బట్టలు, చెప్పులు 6. ఉద్యోగంలో మొదటి రోజు అడుగు పెట్టకముందే 89 ఖర్చు. దాచుకున్నది 35 పోగా మిగతా 54 ఒక స్నేహితురాలి దగ్గర అప్పు తెచ్చింది, నాకు చెప్పలేదు. ప్రభుత్వం తిరిగి ఇస్తానన్న 25 ఎప్పుడొస్తుంది? డబ్బు కట్టి, రసీదు పెట్టుకుని, వాళ్లు చూసి, ఆమోదించాక. ఐదు వారాలు.

డబ్బు రావాల్సిన తేదీకీ, కట్టాల్సిన తేదీకీ మధ్య పడే ఈ గుంత వల్లనే నేను చూసిన కేసుల్లో ఎక్కువ చెడిపోయాయి. జీతం చాలక మానేసినవాళ్లు ఉన్నారు గానీ వాళ్లు తక్కువ. ఇది ఎక్కడో ఒక చోట ఉన్న సమస్య కూడా కాదు. బ్రిటన్‌లో యూనివర్సల్ క్రెడిట్ డే కేర్ ఖర్చులో 85 శాతం దాకా తిరిగి ఇస్తుంది, వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ చాలా ఏళ్లు అది ముందు నువ్వు కట్టు, రసీదు చూపించు, తర్వాత చూద్దాం అన్న పద్ధతిలోనే నడిచింది. ముందే కట్టడానికి డబ్బుంటే ఆ సాయం ఎందుకు అడుగుతారు? ఒక ఒంటరి తల్లి దీని మీద కోర్టుకు వెళ్తే 2021 జనవరిలో హైకోర్టు ఆమె పక్షాన తీర్పు ఇచ్చింది, అదే ఏడాది అక్టోబరులో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. చివరికి 2023లో ప్రభుత్వమే దారి మార్చి, కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్లకు మొదటి డే కేర్ ఖర్చు ముందుగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఈ సంగతులన్నీ నాకు తెలుసు. ట్రైనింగుల్లో చెప్పేదాన్ని కూడా. నా క్లయింటు దగ్గరికి వచ్చేసరికి గుర్తు రాలేదు.

ఇంతకీ ఆ 11 రోజుల్లో ఏం జరిగింది? 8వ రోజు చిన్నదానికి జ్వరం. డే కేర్ నియమం ప్రకారం జ్వరం తగ్గి 24 గంటలు దాటితే గానీ పిల్లను రానివ్వరు. రెండు రోజులు సెలవు పెట్టింది, ప్రొబేషన్ కాబట్టి జీతం లేని సెలవు. మూడో రోజు ఆఫీసుకు వెళ్తే సూపర్‌వైజర్ ఏమీ అనలేదట, కానీ "పిల్లల్ని చూసుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరా" అని అడిగిందట. దానికి ఆమె ఏం చెప్పాలో తెలియక నవ్వి ఊరుకుంది. రోజూ సాయంత్రం ఐదున్నరకు ఆఫీసు నుంచి బయటపడితే ప్రయాణం 40 నిమిషాలు, డే కేర్ ఆరింటికి మూస్తారు. లేటైతే ప్రతి పావుగంటకు జరిమానా. మొదటి పది రోజుల్లో నాలుగుసార్లు కట్టింది. ఇవి చాలవన్నట్టు 25వ తేదీన రావాల్సిన ప్రభుత్వ సాయం 58కి బదులు 18 వచ్చింది. ఒక్క రోజు జీతం కూడా చేతికి రాకముందే కోత పడిపోయింది! ఇంటి అద్దె ఒకటో తేదీన కట్టాలి. 11వ రోజు సాయంత్రం మానేస్తానని ఫోన్ చేసిందంటే అందులో పిరికితనమేం లేదు. ఆ పరిస్థితిలో అది సరైన లెక్కే, పని మానేస్తే ఈ ఖర్చులన్నీ ఆగి 58 మళ్లీ వస్తుంది కదా.

నేను ఫోన్లో ఆమెకు ధైర్యం చెప్పలేదు. ధైర్యంతో అద్దె కట్టలేరు. "రాజీనామా లెటర్ ఇవ్వడం మూడు రోజులు ఆపండి, రేపు లంచ్ టైములో నేను మీ ఆఫీసు దగ్గరికి వస్తాను, ఆఫర్ లెటరు, బ్యాంకు స్టేట్‌మెంటు, సాయం ఆఫీసు నుంచి వచ్చిన మెసేజి తీసుకురండి" అన్నాను. అంతే.

మర్నాడు ముందు పట్టుకున్నది జీతం సంగతి. కంపెనీని అడ్వాన్స్ అడగడానికి ఆమె ససేమిరా అంది. చేరి రెండు వారాలు కాలేదు, సెలవులు పెట్టాను, ఇప్పుడు అప్పు అడగమంటారా అంది. న్యాయమే. కానీ మనం అడిగేది అప్పు కాదు కదా, చేసిన పనికి డబ్బు. మెయిల్లో అడ్వాన్స్ అన్న మాటే రానివ్వకుండా, "నేను 18న చేరాను, ఈ నెల పనిచేసిన రోజుల జీతం వచ్చే నెలాఖరుకు కలిపి ఇస్తారని లెటర్లో ఉంది, వీలుంటే దాన్ని విడిగా ముందు ఇవ్వగలరా" అని నాలుగు లైన్లు రాశాం. హెచ్‌ఆర్‌లో ఉన్నావిడ గంటలో జవాబిచ్చింది, 5వ తేదీన వేస్తామని. ఇలా అడిగితే ఇచ్చే కంపెనీలు నేను అనుకున్నదాని కంటే ఎక్కువే ఉన్నాయి, అడిగేవాళ్లే తక్కువ.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. దీన్ని నేను ఆ రాత్రి ఇంటికి వెళ్లాక గానీ గమనించలేదు. మా దగ్గర సాయం లెక్కకట్టేది ఆ నెలలో చేతికి వచ్చిన డబ్బును బట్టి. 5వ తేదీన ఈ నెల రోజుల జీతం, 30న మామూలు జీతం రెండూ ఒకే నెలలో పడితే ఆ నెల ఆదాయం 139 అవుతుంది, సాయం పూర్తిగా సున్నా. ఒక నెలలో రెండు జీతాలు పడటం చూడటానికి చిన్న విషయం, దీని మీద బ్రిటన్‌లో నలుగురు ఒంటరి తల్లులు అప్పీలు కోర్టు దాకా వెళ్లి 2020 జూన్‌లో గెలిచారు. జీతం పడాల్సిన రోజు సెలవైతే కంపెనీ ఒకటి రెండు రోజులు ముందు వేసేది, దాంతో ఒకే లెక్క కాలంలో రెండు జీతాలు కనపడి సాయం తలకిందులయ్యేది. మళ్లీ హెచ్‌ఆర్‌కు ఫోన్. "5కు బదులు 31లోపు వేయగలరా" అని ఆమె చేత అడిగించాను. "ఐదు రోజులకు ఏం తేడా అండీ" అని అడిగిందట ఆవిడ, కారణం చెప్తే ఆశ్చర్యపోయి, 31నే వేయించింది. 14 రోజుల్లో సెలవు రెండు రోజులు పోగా 12 రోజుల జీతం, 39.

తర్వాత సాయం ఆఫీసు. చేరిన తేదీ ఆమె నిజాయితీగా ముందే తెలియజేసింది, వాళ్లు చేరిన తేదీ నుంచే నిండు జీతం వస్తున్నట్టు సిస్టమ్‌లో ఎక్కించేశారు. ఫోన్ చేస్తే లైను దొరకదు, దొరికినా "సిస్టమ్‌లో అలా చూపిస్తోంది" అంటారు. మీకు నా సలహా ఒక్కటే, ఫోన్ల మీద టైమ్ పెట్టొద్దు, రాతపూర్వకంగా పునఃపరిశీలన అడగండి. బ్యాంకు స్టేట్‌మెంటు జత చేసి, 'ఈ నెల నాకు అందిన జీతం 39 మాత్రమే, నిబంధన ప్రకారం 20 పోగా మిగిలిన 19లో సగమే కోయాలి, కాబట్టి నాకు 48 దాకా రావాలి, 18 ఇచ్చారు' అని అంకెలతో రాశాం. అన్యాయం, కష్టం, పిల్లలు అన్న మాటలు అందులో ఒక్కటీ లేవు. కావాలనే రాయలేదు. అవి చదివే గుమస్తాకు దయ ఉన్నా దయతో చేయగలిగింది ఏమీ ఉండదు, అంకె తప్పు అని తేలితే మాత్రం సరిచేసి తీరాలి. తొమ్మిది రోజులకు మిగతా 30 వచ్చింది.

డే కేర్ వాళ్లతో నేనే మాట్లాడాను. వాళ్లూ చిన్న వ్యాపారమే, ఫీజు ఎగ్గొట్టి పోయేవాళ్ల వల్ల డిపాజిట్ పెట్టుకుంటారు, వాళ్లను తప్పుపట్టలేను. డిపాజిట్‌లో సగం, 16, రెండో నెల ఫీజులో సర్దుకుని, దాన్ని మూడు నెలల్లో తిరిగి కట్టించుకోవడానికి ఒప్పుకున్నారు. ఇవన్నీ కలిపితే అద్దె కట్టింది, రెండో నెల ఫీజు కట్టింది, ఒకటో తేదీ దాటింది.

సాయంత్రం ఆరు గంటల టెన్షన్ తీరిన తీరు చూస్తే నాకే నవ్వొస్తుంది. ఆఫీసు టైమ్ మార్చమని, వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని ఇవ్వమని ఒకటిన్నర పేజీ లెటర్ తయారుచేశాను. అందులో 'ఒంటరి తల్లిగా నా బాధ్యతల దృష్ట్యా' అని మొదలుపెట్టాను. ఆమె చదివి కాగితం మడిచి ఇచ్చేసింది. "నేను ఒంటరిదాన్నని ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు మేడమ్. చెప్పను కూడా" అంది. నేను వాదించాను, హక్కుల గురించి చెప్పాను, ఇప్పుడు గుర్తొస్తే సిగ్గేస్తుంది. ఒకరి ఇంటి సంగతి ఎవరికి చెప్పాలో తేల్చుకోవాల్సింది వాళ్లే. సలహా ఇచ్చేవాళ్లం మన లెటర్ బలంగా ఉండాలని వాళ్ల బతుకును సాక్ష్యంగా పెట్టేస్తాం. ఆమే ఒక మార్గం చెప్పింది, మధ్యాహ్నం గంట విరామంలో అరగంటే తీసుకుని ఐదింటికి వెళ్లిపోతానని అడుగుతానంది. సూపర్‌వైజర్ నోటి మాటతోనే సరేనంది. ఐదింటికి బయల్దేరితే 5:40కి డే కేర్ గుమ్మంలో. జరిమానాలు ఆగిపోయాయి. నా ఒకటిన్నర పేజీ ఇప్పటికీ ఫైల్లో ఉంది.

పని చోటే డే కేర్ ఉంటే ఈ పరుగు ఉండదు. భారత్‌లో 2017లో మాతృత్వ ప్రయోజన చట్టాన్ని సవరించి, 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థల్లో క్రెష్ సదుపాయం ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు బిడ్డ దగ్గరికి వెళ్లి రావచ్చని చేర్చారు. ఆమె చేరింది అంతకంటే చాలా చిన్న ఆఫీసు. మళ్లీ పనిలోకి వెళ్లేవాళ్లకు దొరికేవి ఎక్కువగా ఇలాంటి చిన్న ఆఫీసులే.

జ్వరం సంగతి అంత తేలిగ్గా తేలలేదు. చిన్నపిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిదిసార్లు జలుబు, జ్వరం రావడం మామూలే, పదిమంది పిల్లల మధ్యకు కొత్తగా వెళ్లిన ఏడాది ఇంకా ఎక్కువ. ఆమెకున్న సెలవులు చూస్తే ఇది ఎటూ సరిపోదు. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఈరోజు నువ్వు, రేపు నేను అని పంచుకుంటారు. ఇక్కడ పంచుకోవడానికి ఎవరూ లేరు, అడకత్తెరలో పోకచెక్క. ఆమె తల్లి ఉంది గానీ దూరం, మోకాళ్ల నొప్పులు. నేను అడిగింది ఒక్కటే, పిల్లను అరపూట వదలగలిగే ముగ్గురి పేర్లు రాయమని. ఒక పేరు రాసి ఆగిపోయింది. ఆ ఒక్క పేరు అప్పు ఇచ్చిన స్నేహితురాలిది, ఆమెను ఇంకేం అడగను అంది.

ఇక్కడ మా సంస్థలోనే ఉన్న మరో క్లయింటు అక్కరకు వచ్చింది. ఆమెదీ ఇదే పరిస్థితి, కాకపోతే రాత్రి షిఫ్టు, పగలు ఇంట్లో ఉంటుంది. ఇద్దరినీ ఒక శనివారం కలిపాను. మొదటి అరగంట ఇద్దరూ నాతోనే మాట్లాడారు, ఆ తర్వాత నేను అక్కడున్నానన్న సంగతే మరిచిపోయారు. ఒప్పందం ఏమిటంటే, ఈమె పిల్లకు ఒంట్లో బాగోకపోతే ఆమె మధ్యాహ్నం రెండు దాకా చూస్తుంది, ఈమె శని, ఆదివారాల్లో ఆమె బాబును తీసుకెళ్లి ఆమెను నిద్రపోనిస్తుంది. డబ్బు లేదు. కానీ అన్నీ కాగితం మీద రాయించాను. ఏ మందు ఎంత వేయాలి, ఏ టెంపరేచర్ దాటితే ఫోన్ చేయాలి, డాక్టర్ నంబరు, డే కేర్‌లో పిల్లను తీసుకెళ్లడానికి అనుమతి ఉన్నవాళ్ల జాబితాలో ఆ రాత్రి షిఫ్టు ఆమె పేరు. ఆఖరుది చాలామంది మరిచిపోతారు, అవసరం వచ్చిన రోజు గేటు దగ్గర ఆపేస్తారు. రెండో పేరు పక్కింటి రిటైరైన టీచరు, గంటకింత అని తీసుకుంటుంది. మూడో పేరు ఇప్పటికీ ఖాళీ.

పిల్లలకు జ్వరమొస్తే ఉద్యోగం తీసేస్తారా అని చాలాసార్లు అడిగింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లో కుటుంబ బాధ్యతలున్న కార్మికుల కోసం 156వ నంబరు ఒప్పందం చేసింది. కుటుంబ బాధ్యత ఒక్కటే కారణంగా చూపి ఉద్యోగంలోంచి తీయకూడదన్నది అందులో ఒక నిబంధన. అది ఆమోదించిన దేశాలకే వర్తిస్తుంది. పైగా ప్రొబేషన్లో తీసేవాళ్లు కారణం కుటుంబమని రాయరు, 'పనితీరు' అని రాస్తారు. అందుకే ఆమె సెలవు పెట్టిన ప్రతిసారీ కారణం, తేదీ, ఆ రోజు పని ఎప్పుడు పూర్తిచేసిందీ మెయిల్లో ఉండేలా చూసుకోమన్నాను. ఆ మెయిళ్లు ఇప్పటిదాకా అవసరం పడలేదు.

మూడో నెలలో నేను ఇంకో లెక్క వేశాను. ఆమె బాగా అలిసిపోయి కనిపించింది. వారానికి 40 గంటలకు బదులు 25 చేస్తే ఏమవుతుంది? జీతం 62. అందులో 20 పోగా 42లో సగం 21 కోత, సాయం 37. మొత్తం 99. డే కేర్ రెండూ కలిపి 24కు తగ్గుతాయి, 14 తిరిగి వస్తుంది, మీద పడేది 10. రాకపోకలు అదే 9, బయటి ఖర్చు 3. మిగిలేది 77. 40 గంటలు చేస్తే 88. అంటే వారానికి ఆ ఆఖరి 15 గంటలు, నెలకు 60కి పైగా గంటలు, ఆమె పనిచేస్తున్నది మొత్తం 11 కోసం! జీతం లెక్కన చూస్తే ఆ గంటల విలువ 38, అందులో 27 సాయం కోతకు, డే కేర్‌కు, చిల్లరమల్లర ఖర్చులకు పోతోంది. నేను ఇది గొప్పగా కనిపెట్టినట్టు ఆమె ముందు పెట్టి, గంటలు తగ్గించుకోమన్నాను.

ఆమె కాగితం కాసేపు చూసి, "తగ్గిస్తే మళ్లీ పెంచరు మేడమ్" అంది. "నాలుగేళ్లకు చిన్నది బడికి పోతుంది, అప్పుడు ఈ 42 ఉండదు. అప్పటికి నేను సీనియర్‌ని అయ్యుండాలి. ఇప్పుడు 25 గంటల దాన్ని అయితే అప్పుడూ 25 గంటల దాన్నే." అకౌంట్స్ మనిషి కదా, నేను ఈ నెల లెక్క చూపిస్తే ఆమె నాలుగేళ్ల లెక్క చూసింది.

ఇది రాసేటప్పుడు కెనడాలో 1990లలో చేసిన ఒక పెద్ద ప్రయోగం గుర్తొచ్చింది. ఏడాదికి పైగా ప్రభుత్వ సాయం మీద ఉన్న ఒంటరి తల్లిదండ్రులకు, వారానికి 30 గంటల ఉద్యోగంలో చేరితే, మూడేళ్ల దాకా జీతానికి తోడుగా నెలనెలా డబ్బిచ్చారు. మొదట్లో నిండు ఉద్యోగాల్లో చేరినవాళ్లు దాదాపు రెట్టింపు అయ్యారు. డబ్బు ఇవ్వడం ఆగిపోయాక, అది తీసుకున్నవాళ్లకూ తీసుకోనివాళ్లకూ తేడా దాదాపు పోయింది. దీన్ని చూపించి డబ్బు దండగ అన్నవాళ్లు ఉన్నారు. నాకు అలా అనిపించదు. ఆ మూడేళ్లూ వాళ్లకు ఆదాయం పెరిగింది, అది చిన్న విషయం కాదు. కాకపోతే డబ్బుతో పాటు జ్వరం వచ్చిన రోజు పిల్లను ఎవరు చూస్తారు, ఉద్యోగంలో పైకి ఎలా వెళ్తారు అన్నవి తేలకపోతే ఆ సాయం ఆగిన నెల మళ్లీ మొదటికే రావచ్చు.

భర్త పంపాల్సిన 12 సంగతి కూడా చెప్పి ఊరుకుంటాను. జర్మనీలో విడిగా ఉంటున్న తల్లో తండ్రో డబ్బు పంపకపోతే ప్రభుత్వమే ముందుగా కొంత ఇచ్చి, తర్వాత ఆ మనిషి దగ్గర వసూలు చేసుకునే ఏర్పాటు ఉంది, 2017 జూలై నుంచి దాన్ని పిల్లలకు 18 ఏళ్లు నిండేదాకా పొడిగించారు. ఆమెకు అలాంటిది లేదు. చేసింది ఒక్కటే, ఆ 12 కోసం విడిగా ఖాతా తెరిపించాను. వచ్చిన నెల అందులో పడుతుంది, నెల ఖర్చులకు ముట్టుకోదు. ఆరు నెలల్లో రెండుసార్లు పడింది. ఆ 24 ఇప్పుడు ఆమె అత్యవసర నిధి. భర్త పంపకపోతే ఆ నెల ఇల్లు ఆగిపోదు, అందుకని ఫోన్లో గొడవలు కూడా తగ్గాయట. ఇది నేను ఊహించలేదు.

మా దగ్గరికి తండ్రులూ వస్తారు, చాలా తక్కువగా. వచ్చినవాళ్లు రెజ్యూమె గురించే అడుగుతారు, డే కేర్ గురించి అడగరు. ఒకాయన రెండు ఉద్యోగాలు పోగొట్టుకున్నాక గానీ కూతుర్ని బడి నుంచి తెచ్చుకోవడం వల్లే పోయాయని చెప్పలేదు. భారత్‌లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల్లో పిల్లల సంరక్షణ సెలవు, మొత్తం సర్వీసులో 730 రోజుల దాకా, మొదట ఆడవాళ్లకే ఉండేది, 2018లో ఒంటరి తండ్రులకూ ఇచ్చారు. ప్రైవేటు ఉద్యోగంలో ఉన్న మగవాడు ఇలాంటిది అడగడానికే మొహమాటపడతాడు.

ఇప్పుడు ఆరు నెలలు దాటింది. ప్రొబేషన్ అయిపోయింది. అప్పు 54 నాలుగో నెలలో తీర్చేసింది. చిన్నదానికి ఈ మధ్యలో మరో ఐదుసార్లు ఒంట్లో బాగోలేదు, నాలుగుసార్లు ఆ రాత్రి షిఫ్టు స్నేహితురాలు చూసింది, ఒకసారి ఇద్దరి పిల్లలకూ ఒకేసారి జ్వరం, ఆ రోజు సెలవు పెట్టక తప్పలేదు. నేను మా ఫారం మార్చాను, చదువు, అనుభవం అడిగే పేజీకి ముందు ఇప్పుడు ఒక పేజీ ఉంది. మొదటి జీతం ఏ తేదీన, డే కేర్ డిపాజిట్ ఎంత, సాయం కోత ఏ నెల నుంచి, ఈ మూడు తేదీల మధ్య ఇల్లు దేంతో నడుస్తుంది. ఆఫర్ వచ్చాక ఆ పేజీ నిండకుండా ఎవర్నీ ఉద్యోగానికి పంపడం లేదు. ఫైలు కూడా మూడు నెలల దాకా బీరువాలోకి వెళ్లదు.

ఆమె ఫైలు మాత్రం ఇంకా నా టేబుల్ మీదే ఉంది. వచ్చే నెల పెద్దవాడి బడికి సెలవులు, ఆరు వారాలు. బడి అయ్యాక ఉంచే చోటు కూడా బడితో పాటే మూసేస్తారు. పూర్తి రోజు క్యాంపు అడిగితే నెలకు 28 అన్నారు, దానికి ప్రభుత్వ సాయం వర్తిస్తుందో లేదో రాసి అడిగాం, జవాబు రావాలి. మంగళవారం లంచ్ టైములో మళ్లీ కూర్చుంటున్నాం.